సముద్రం పక్కన పొడి గాలి

దోహాలో నా ఉద్యోగం కొలిచే పరికరాలను సరిచూడటం. థర్మామీటర్లు, ప్రెజర్ గేజులు, తూనిక యంత్రాలు మా ల్యాబుకు వస్తాయి. అవి చూపే అంకెకూ అసలు విలువకూ మధ్య ఎంత తేడా ఉందో తేల్చి, ఆ తేడాను కాగితం మీద రాసి, సంతకం పెట్టి తిప్పి పంపుతాము. ఈ పనిలో పద్నాలుగేళ్ళు గడిచాక నాకొక అలవాటు పట్టుకుంది. ఎవరు ఏ అంకె చెప్పినా, అది ఎలా వచ్చిందని అడగకుండా ఉండలేను.

శుక్రవారం ఉదయాలు ముఐథర్‌లో ఒక విల్లా కింది హాలులో తెలుగు పిల్లలకు క్లాసు తీసుకుంటాను. ఎనిమిది నుంచి పదో తరగతి వరకు చదివే తొమ్మిది మంది. పాత అన్వేషణ యాత్రల్లో విజ్ఞానం ఎలా పోగుపడిందన్నది మా విషయం. పరీక్షలకు పనికొచ్చేదేదైనా చెప్పమని తల్లిదండ్రులు మొదట్లో అడిగారు. నేను ఒప్పుకోలేదు. దీవులు, తుఫానులు, కెప్టెన్ల సాహసాలు కూడా నా పాఠంలో తక్కువే. ఓడలో ఒక మూల నిలబడి, పగలూ రాత్రీ వేళ తప్పకుండా గాలి వేడిని, నీటి వేడిని, గాలి దిశను రాసుకుంటూ ఏళ్ళు గడిపిన మనుషుల గురించే ఎక్కువ చెబుతాను. వాళ్ళ పుస్తకాలే తరవాతి వాళ్ళకు సముద్రపు ప్రవాహాలనూ రుతుపవనాలనూ చూపించాయి.

ఆగస్టు చివరి వారం మా పాఠం బకెట్ల గురించి. పందొమ్మిదో శతాబ్దపు ఓడల్లో సముద్రం పైనీటి వేడి తెలుసుకోవాలంటే బకెట్ దించి, నీళ్ళు పైకి లాగి, అందులో థర్మామీటరు ముంచేవారు. మొదట చెక్క బకెట్లు, ఆపైన కాన్వాసు గుడ్డవి. గుడ్డ బకెట్ పైకి వచ్చే లోపల దాని ఒంటి తడి ఆవిరై లోపలి నీటిని చల్లబరిచేది. అలా దశాబ్దాల తరబడి, ఎన్నో సముద్రాల మీద, వేళ తప్పకుండా, ఉన్నదానికన్నా తక్కువ వేడిని రాసిపెట్టారు. రాసినవాళ్ళలో బద్ధకస్తులు లేరు, అబద్ధాలకోరులు లేరు. చెక్క బకెట్ అంకెలనూ గుడ్డ బకెట్ అంకెలనూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడే ఆ సంగతి బయటపడింది.

ఆ మాట నోటితో చెప్పి వదిలేయకుండా పిల్లలను వక్రా ఒడ్డుకు తీసుకువెళ్ళాను. ఒకటి ప్లాస్టిక్ బకెట్, ఇంకొకటి బాస్మతి బియ్యం వచ్చే దళసరి గుడ్డసంచీ. రెంటిలోనూ ఒకే చోటి నీళ్ళు నింపి, వేడిగాలిలో ఐదు నిమిషాలు వేలాడదీశాము. సంచీలో నీళ్ళు ఒకటిన్నర డిగ్రీలు దిగాయి.

"అంటే ఆంటీ, వాళ్ళు అన్నేళ్ళూ కొలిచింది సముద్రాన్ని కాదు, సంచీనా?" అన్నాడొకడు.

"నువ్వు కొలిచింది మా అమ్మ సంచీని. ఇంట్లో పొద్దుటినుంచీ దానికోసమే గొడవ," అంది ఆ సంచీ తెచ్చిన అమ్మాయి.

ఈ కథ ఆ అమ్మాయిదే, సగం వరకు. తొమ్మిదో తరగతి. ఊళ్ళో సముద్రానికి ఎడంగా ఉన్న మెసైమీర్‌లో ఉంటారు. వాళ్ళ నాన్న లుసైల్‌లో కడుతున్న ఒక టవరు సైటు మీద సేఫ్టీ ఆఫీసరు. కాకినాడ వైపు మనిషి. సరదాగా మాట్లాడతాడు, నవ్వుతూనే కాదనగలడు.

సెప్టెంబరులో పిల్లలకు ఓడ పుస్తకం పని ఇచ్చాను. ప్రతివారూ తమ ఇంటి బాల్కనీయే ఓడ అనుకుని ఉదయం ఆరుకు, సాయంత్రం ఐదుకు రెండు థర్మామీటర్లు చూసి రాయాలి. ఒకటి మామూలుది. రెండోదాని గుండుకు నూలు వత్తి తొడిగి, వత్తి కొసను చిన్న గిన్నెలోని నీళ్ళలో ముంచి ఉంచుతాము. వత్తి తడి ఆవిరవుతున్నంతసేపూ ఆ థర్మామీటరు మొదటిదానికన్నా చల్లగా ఉంటుంది. గాలి పొడిగా ఉంటే రెంటికీ తేడా ఎక్కువ. గాలిలో తేమ నిండి ఉంటే తేడా తక్కువ. మనిషి ఒళ్ళు కూడా అలాంటి తడి వత్తేనని చెప్పాను. చెమట ఆరినంతకాలం లోపల చల్లబడుతుంది. తడి థర్మామీటరు అంకె బాగా పెరిగిన రోజున చెమట కారుతుంది గాని ఆరదు. లోపలి వేడికి దారి ఉండదు.

నియమాలు కొన్నే. పెన్నుతోనే రాయాలి. తప్పు రాస్తే ఒక్క గీతతో కొట్టి పక్కన రాయాలి, చెరపకూడదు. అన్నిటికన్నా గట్టిగా చెప్పింది గిన్నెలో నీళ్ళ సంగతి. ఇక్కడ ఎండాకాలంలో మేడమీది ట్యాంకు నుంచి వచ్చే కుళాయి నీళ్ళు చేతిమీద పోసుకోలేము. అందుకే అందరిళ్ళలో గీజరు ఆపేసి, దానిలో నిలిచి చల్లారిన నీళ్ళనే స్నానానికి వాడతాము. ఫ్రిజ్ నీళ్ళకు అలవాటుపడిన పిల్లలు గిన్నెలోనూ అవే పోస్తారని నాకు తెలుసు. "ముందు రోజే గిన్నె నింపి అదే గాలిలో ఉంచండి. చూసే ముందు చల్లనివీ పోయకూడదు, వేడివీ పోయకూడదు. పోస్తే మీరు గాలిని కాదు, మీరు పోసిన నీళ్ళను కొలుస్తారు," అన్నాను.

మూడో శుక్రవారం ఆ అమ్మాయి తన పుస్తకంతో పాటు ఒక గళ్ళ కాగితం తెచ్చింది. ఎడమ వరుసలో మెసైమీర్ బాల్కనీ అంకెలు, కుడి వరుసలో అవే వేళలకు లుసైల్ సైటు అంకెలు. నాన్న ఇంటికి తెచ్చిన రోజువారీ షీట్లను చూసి రాసుకుందట. ఓడలు రెండు కలిసినప్పుడు పుస్తకాలు సరిపోల్చుకునేవని నేనే చెప్పాను గదా అంది.

"ఆంటీ, సముద్రం పక్కన గాలి పొడిగా ఉంటుందా?"

"ఉండదు. తేమగా ఉంటుంది. ఎందుకు?"

"లుసైల్ సముద్రం పక్కనే కదా. మరి అక్కడి తడి థర్మామీటరు రోజూ మా ఇంటిదానికన్నా మూడు డిగ్రీలు తక్కువ. నేనేమైనా తప్పు చేశానా?"

కాగితం తీసుకుని చూశాను. పదమూడు రోజులు, ఇరవై ఆరు జతలు. మామూలు థర్మామీటర్లు రెండు చోట్లా దాదాపు ఒకటే. తడివి మాత్రం ఒక్క జతలోనూ కలవలేదు. నిన్న సాయంత్రం ఐదింటికి మెసైమీర్‌లో ముప్పైన్నర, లుసైల్‌లో ఇరవై ఏడు. అంటే సముద్రపు ఒడ్డున ఎడారి గాలి వీచినట్టు. అమ్మాయి పరికరాన్ని నేనే సరిచూసి ఇచ్చాను. అది తప్పు కాదు.

మిగతా పిల్లలకు మ్యాపు పని అప్పగించి లెక్క కట్టాను. ఇక్కడి సైట్ల మీద హీట్ మీటరు ఉంటుంది. తడి వత్తి, ఎండలో పెట్టిన నల్ల గోళం, మామూలు థర్మామీటరు, ఈ మూడింటినీ కలిపి ఒక అంకె ఇస్తుంది. ఆ అంకెలో పదింట ఏడు వంతులు తడి వత్తిదే. ఆ కలిపిన అంకె ముప్పై రెండు దాటితే ఏ వేళైనా సరే, బయటి పని ఆపేయాలి. నిన్న సాయంత్రం సైటు షీటులో ఉన్నది ముప్పై పైన నాలుగు, అంటే ముప్పై పాయింటు నాలుగు. తడి థర్మామీటరును సముద్రపు గాలికి తగినట్టు ముప్పై ఒకటి వేసి మళ్ళీ కట్టాను. ముప్పై మూడు పైన రెండు వచ్చింది. ఇంకో రోజుది కట్టాను. ముప్పై మూడు. ఇంకొకటి కట్టాను, తరవాత కట్టడం మానేశాను.

వేసవిలో మధ్యాహ్నం పని ఆపించే నియమం ఆ వారంలోనే ముగిసింది. సెప్టెంబరు సగానికి వేడి కొద్దిగా తగ్గుతుంది, తేమ తగ్గదు. ఇక ఆ టవరు స్లాబు మీద ఇనుము కట్టే నలభై మందికీ ఆ గాలికీ మధ్య మిగిలింది ఈ ఒక్క అంకె. ఆ అంకె నిజం చెప్పడం లేదు.

"సైటులో ఎవరికైనా ఒంట్లో బాగాలేదా?" అని అడిగాను.

"బుధవారం ఒక అంకుల్ వాంతి చేసుకున్నారట. గురువారం ఇంకొకరు. లేబర్ క్యాంపు భోజనం పడలేదేమోనని నాన్న అమ్మతో అన్నారు."

పదకొండింటికి వాళ్ళ నాన్న కారు తెచ్చాడు. గళ్ళ కాగితం చూపించాను. చూసిన వెంటనే ముందు కూతురి వైపు తిరిగాడు.

"నా షీట్లు ఎవరు తీయమన్నారే నిన్ను?"

"తీయలేదు నాన్నా. ఫోటో తీసుకున్నానంతే."

"అది ఇంకా గొప్ప!" అని నా వైపు చూసి నవ్వాడు. "చూడండి టీచరమ్మ గారూ, మీరు ఓడలూ సముద్రాలూ చెబుతానంటే పంపించాను. మా అమ్మాయిని ఆడిటర్ చేస్తారనుకోలేదు."

"అంకెలు చూడండి ముందు."

"చూశానండీ. మా మీటరు కొత్తది. సర్టిఫికెట్ మీ ల్యాబుదే, మీ సంతకమే ఉందేమో కూడా. వత్తి రోజూ మారుస్తాం. ఆ పని చూసే కుర్రాడు, కుర్రాడేంటి, నలభై ఏళ్ళుంటాయి లెండి, ఇనుము కట్టే పని చేస్తూ ఇది కూడా చూస్తాడు. గంట కొట్టినట్టు రాస్తాడు. కంపెనీలో అందరికీ అతన్ని చూపించి నేర్చుకోండంటాం. మీ బాల్కనీ థర్మామీటరు పట్టుకొచ్చి నా సైటు తప్పంటే ఎలాగండీ?"

"మీటరు తప్పు అనడం లేదు. మీటరుకు ఏదో జరుగుతోంది అంటున్నాను."

"ఏం జరుగుతుంది?"

"చూస్తేగాని చెప్పలేను. రేపు పొద్దున నా మీటరు తెచ్చి పక్కన పెడతాను. ఒక్క గంట."

ఆయన తాళాలు చేతిలో ఆడిస్తూ గళ్ళ కాగితాన్ని ఇంకోసారి చూశాడు. తప్పని తేలితే ఇది ఒక్క రేపటితో పోదని ఆయనకూ తెలుసు. వేసవి అంతా ఆ షీట్ల కింద సంతకం ఆయనదే.

"నాన్నా, వాంతి చేసుకున్నది భోజనం వల్ల కాకపోతే?" అంది అమ్మాయి.

ఆయన కూతురికి కారు తలుపు తీశాడు. కారెక్కాక అద్దం దించి, "ఏడున్నరకి గేటు దగ్గరికి రండి. హెల్మెట్, షూ మీవే తెచ్చుకోండి," అన్నాడు.

శనివారం ఉదయం లుసైల్‌లో సూర్యుడు కనిపించాడు గాని అంచులు లేవు. తెల్లటి తేమలో కరిగిపోయినట్టున్నాడు. కారు దిగగానే కళ్ళజోడు మసకబారింది. తుడిచాను, మళ్ళీ మసకబారింది. గాలి ఎటూ కదలడం లేదు. క్రేను చివరన ఉన్న గుడ్డజెండా కడ్డీకి అతుక్కుని ఉంది. పైన స్లాబు మీద మనుషులు వరసలుగా వంగి కడ్డీలకు తీగ చుడుతున్నారు. ఇంత పెద్ద పని ఇంత తక్కువ చప్పుడుతో జరగడం నేను చూడలేదు. మాట్లాడుకునే ఓపిక లేని నిశ్శబ్దం అది.

మీటరు ఐదో అంతస్తు స్లాబు మీద, ముక్కాలిపీట మీద ఉంది. దాని పక్కన నిలబడ్డ మనిషి, నిన్న ఆయన పొగిడిన ‘కుర్రాడు’, జగిత్యాల వైపు నుంచి వచ్చి ఇక్కడ తొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్నవాడు. సన్నని మనిషి. ముఖానికి గుడ్డ చుట్టుకున్నాడు. మీటరు మీద దుమ్ము చుక్క లేదు. నల్ల గోళం తుడిచి ఉంది. వత్తి మల్లెపువ్వులా తెల్లగా ఉంది. మా ల్యాబుకు వచ్చే మీటర్లలో నూటికి తొంభై వాటిలో వత్తి ఉప్పు పట్టి, మట్టిరంగు తిరిగి ఉంటుంది. ఇంత శుభ్రంగా ఉన్నదాన్ని చూసి నాకు భయమే వేసింది. అలసత్వమైతే ఒక్కచూపుకు దొరుకుతుంది.

"మస్తుగ చూసుకుంటున్నరు," అన్నాను.

అతను నవ్వాడు. "మిషిన్‌కు దినాం తానం మేడం. మాకు గట్ల దొరకదు క్యాంపుల."

"రోజూ ఎలా చేస్తారో అలాగే చేసి చూపించండి. నేనేమీ అనను."

ఎనిమిది కావస్తోంది. నా మీటరును నేను వచ్చిన వెంటనే పక్కన పెట్టి, పావుగంటకు పైగా ముట్టుకోలేదు. అతను తన గడియారం చూసుకున్నాడు. స్లాబు మూలనున్న కూలరు దగ్గరికి వెళ్ళి గ్లాసుతో నీళ్ళు పట్టుకొచ్చాడు. గ్లాసు బయట చెమట పట్టి ఉంది. మీటరు తొట్టెలోని పాత నీళ్ళు పారబోశాడు. కొత్త నీళ్ళు నింపాడు. మిగిలిన నీళ్ళను వత్తి మీద, పైనుంచి కిందికి, ఒక్కో చుక్కగా, చంటిపిల్లకు తల తడిపినంత జాగ్రత్తగా పోశాడు. ఐదు నిమిషాలు ఆగాడు. అంకె చూశాడు. చొక్కాజేబులోంచి పెన్ను తీసి షీటులో రాశాడు.

ముప్పై పైన తొమ్మిది.

నా మీటరు మీద ముప్పై మూడు పైన నాలుగు.

"ఈ చల్లటి నీళ్ళు ఎందుకు పోస్తారు?" అని అడిగాను.

"వత్తి ఎండితె ఎక్కువ సూపెడ్తదని ట్రైనింగుల జెప్పిండ్రు మేడం. నేను అచ్చి సూసేసరికి దినాం ఎక్కువనే ఉంటది. ముప్పై మూడు, ముప్పై మూడున్నర. అంటె ఎండిందన్నట్టే గద. గందుకే నీళ్ళు వోస్త. వోస్తె సరైతది."

"మరి కుళాయి నీళ్ళు?"

"నల్లా నీళ్ళు మస్తు గరముంటయ్ మేడం, చెయ్యి కాలుతది. గవి వోస్తె మిషిన్ తప్పు సూపెట్టదా?"

అతను అన్నదాంట్లో ఒక్కొక్క ముక్కా సరైనదే. వత్తి ఎండితే అంకె పెరుగుతుంది. వేడినీళ్ళు పోస్తే తప్పు చూపిస్తుంది. నేర్పినవాళ్ళు గది వేడికి వచ్చిన నీళ్ళు వాడమని చెప్పి ఉంటారు. నీళ్ళంటే కాలేవీ, కూలరువీ తప్ప మూడో రకం లేని చోట ఆ మాట ఎవరి చెవిలోనూ నిలవదు.

అమ్మాయి నాన్న, ఆ సేఫ్టీ ఆఫీసరు, నా పక్కనే ఉన్నాడు. రెండు అంకెలూ చూశాడు. "మీదే ఎక్కువ చూపిస్తోందేమో," అన్నాడు మెల్లగా.

"అయితే దేన్నీ ముట్టుకోకుండా నిలబడదాం. మీ మీటరునే చూద్దాం."

నిలబడ్డాము. ఎనిమిదీ పదికి ముప్పై ఒకటి పైన మూడు. ఎనిమిదీ పదిహేనుకు ముప్పై ఒకటి పైన తొమ్మిది. మా పక్కన తీగ చుట్టే చేతులు ఆగడం లేదు. ఎవరో కడ్డీ పట్టుకుని లేవబోయి, మళ్ళీ కూర్చుని, ఇంకోసారి ప్రయత్నించి లేచాడు. ఎనిమిదీ ఇరవైకి ముప్పై రెండు పైన నాలుగు. హద్దు దాటింది. అంకె మారినప్పుడల్లా తెర మీద చిన్న వెలుగు వచ్చి పోతోంది. జగిత్యాల మనిషి చేయి రెండుసార్లు గ్లాసు వైపు వెళ్ళింది. రెండుసార్లూ నేను వద్దన్నాను.

"ఎండిపోతది మేడం," అన్నాడు బతిమాలుతున్నట్టు.

"ముట్టి చూడండి."

వేలితో ముట్టుకున్నాడు. వత్తి నిండా తడి ఉంది. వేలు తీసి చూసుకున్నాడు. బొటనవేలితో రుద్దుకున్నాడు. మళ్ళీ ముట్టుకున్నాడు.

ఎనిమిదిన్నరకు ముప్పై మూడు పైన మూడు. అక్కడ ఆగింది. నా మీటరుకూ దానికీ తేడా డిగ్రీలో పదో వంతే.

"మధ్యాహ్నం మీటింగు ఉంది. అక్కడ చెప్పి..." అని మొదలుపెట్టాడు సేఫ్టీ ఆఫీసరు.

"ఇప్పుడు ఎంత ఉంది?"

ఆయన మెడలోని విజిల్ తీసి ఊదాడు. ఒకసారి ఊదితే ఎవరూ తల ఎత్తలేదు. మూడోసారికి ఒక ఫోర్‌మన్, "క్యా హువా? యల్లా, కామ్ కరో," అని, పని ఆపవద్దని కూలీల మీద అరిచాడు. ఈయన ఇంకా గట్టిగా అరిచాడు. అప్పుడు దిగడం మొదలుపెట్టారు. మెట్ల మీద ఒకరి భుజం ఒకరు పట్టుకుని, నీళ్ళలో నడిచేవాళ్ళలా దిగారు. వాంతి చేసుకున్న ఇద్దరూ ఆ వరుసలోనే ఉన్నారు. వాళ్ళకు ఒక్కరోజే విశ్రాంతి ఇచ్చారట.

కింద ఏసీ ఉన్న విశ్రాంతి షెడ్డులో జగిత్యాల మనిషి బెంచీ మీద కూర్చోబోయి పక్కకు ఒరిగాడు. పిక్కలు రెండూ రాయిలా బిగుసుకుపోయాయి. ఒక తోటిమనిషి అతని బూట్లు విప్పి, మంచుగడ్డలు చుట్టిన గుడ్డ మెడకు పెట్టాడు. నర్సు కోసం కబురు పంపారు.

"ఎన్ని రోజులుగా ఇలా?" అని అడిగాను.

"వారమైతుంది మేడం. కాళ్ళు గుంజుతయ్. మూత్రం సుత చాయ లెక్క అస్తుంది. నిన్న మాపటి నుంచి సరిగ అస్తనే లేదు." పిక్కలు నొక్కుకుంటూ, "మీటరు మంచిగనే సూపెడ్తుంది గద, నా ఒంట్లనే ఏదో ఉన్నదనుకున్న," అన్నాడు.

సేఫ్టీ ఆఫీసరు ల్యాప్‌టాపు తెచ్చి, కిందికి తెప్పించిన మీటరుకు తీగ తగిలించాడు. ఆ రకం మీటరు గంటగంటకూ మనిషి చూసేదాకా ఆగదు. ప్రతి ఐదు నిమిషాలకూ తన అంకెను తానే లోపల దాచుకుంటుంది. కొన్నప్పటి నుంచీ ఎవరూ దాన్ని బయటికి తీయలేదు. షీట్లు ఉన్నాయి గదా అనుకున్నారు. తెర మీద గీత కనిపించింది. రంపపు పళ్ళు. ప్రతి గంటకూ ముందు కిందికి ఒక కోత, ఆపైన మెల్లగా పైకి ఎక్కడం, పైన కాసేపు నిలకడ, మళ్ళీ కోత. హద్దును చూపే ఎర్రగీత ఆ పళ్ళ నడుమగా పోతోంది. కోతలు మాత్రమే దాని కింద ఉన్నాయి. ఆయన వేలితో వెనక్కి జరుపుతూ పోయాడు. గురువారం, బుధవారం, అంతకుముందు వారం. ఆగస్టు. అదే గీత. షీట్ల మీద రాసినవన్నీ ఆ కోతల అడుగున ఉన్న అంకెలు.

"ఇవన్నీ నేను సంతకం పెట్టినవి," అన్నాడు. ఆయన ముఖంలో అంతకుముందు ఎప్పుడూ వదలని నవ్వు లేదు. "వేసవంతా."

"ఇది ఈరోజే కంపెనీకీ కార్మిక శాఖకూ పంపించాలి. గీతతో సహా."

"పంపిస్తాను." ఆయన ఆ గీతను ల్యాప్‌టాపులో భద్రపరిచాడు. "అమ్మాయి అడగకపోతే ఇంకా ఎన్నాళ్ళు రాసేవాళ్ళమండీ?"

నర్సు వచ్చి జగిత్యాల మనిషి వేలికి చిన్న పరికరం తగిలించి, ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, బండి తెప్పించండి అంది. అతను లేవబోతూ నా వైపు చూశాడు.

"మేడం, సల్లటి నీళ్ళు వొయ్యద్దంటిరి గద."

"వద్దు. ఇంక ఎవరూ పోయకూడదు."

"నేను ఒక్కన్నె గాదు మేడం." అతని చేయి బెంచీ అంచును పట్టుకుంది. "క్యాంపుల మా రూమోళ్ళు నలుగురు వేరే వేరే సైట్ల మీద ఇదే డ్యూటీ జేస్తరు. వాళ్ళ మిషిన్లు మస్తు ఎక్కువ సూపెడ్తున్నయని తిట్లు తింటుండె. ఎట్ల జెయ్యాల్నో నేనే నేర్పిన. మన సార్లే జెప్పిండ్రు గద, నన్ను సూసి నేర్చుకొమ్మని."

సేఫ్టీ ఆఫీసరు ల్యాప్‌టాపు మూసి, "వాళ్ళ నంబర్లు చెప్పు," అన్నాడు.

అతను ఫోను నాకిచ్చాడు. వేళ్ళు కొంకర్లుపోయి నొక్కలేకపోయాడు. మొదటివాడు రెండో రింగుకే ఎత్తాడు. ఫోను స్పీకరులో పెట్టి అతని ముఖం దగ్గర పట్టుకున్నాను. "అరేయ్, మిషిన్‌ల నీళ్ళు వొయ్యకు. ఎక్కువ సూపెడ్తె ఎక్కువే. మీ సార్‌ను పిలువు," అన్నాడు అతను. అవతలివాడు నవ్వాడు. "నిన్నటిదాంక పొయ్యమంటివి, ఇయ్యాల వద్దంటున్నవ్. తలకాయకు ఎండ గొట్టిందారా?" సేఫ్టీ ఆఫీసరు ఫోను లాక్కుని తానెవరో చెప్పి, అక్కడి ఆఫీసరును లైనులోకి పిలిపించి, గట్టిగా మూడు వాక్యాలు చెప్పాడు. రెండోవాడికీ అలాగే చెప్పాము. మూడోవాడు ఆరోజు క్యాంపులోనే ఉన్నాడు. ఒంట్లో బాగాలేక పడుకున్నానన్నాడు. అతని దగ్గరికి ఎవరినైనా పంపమని నర్సుకు చెప్పాము.

నాలుగోవాడి ఫోను మోగుతూ పోయింది. మళ్ళీ చేశాను. గడియారం పది దాటి ఐదు నిమిషాలు. ఆ సైటు లుసైల్‌లోనే, ఒడ్డుకు ఇంకా దగ్గర. మూడోసారికి ఎవరో ఎత్తారు. తెలుగువాడు కాదు. హిందీలో, తొందరగా, ఆ మనిషి పైన ఉన్నాడు, ఫోను కింద ఛార్జింగులో ఉంది, ఏం కావాలన్నాడు.

అతన్ని వెంటనే కిందికి దింపండి, అందరినీ దింపండి, మీటరు తప్పు చూపిస్తోంది అన్నాను నాకు వచ్చిన హిందీలో. అవతల మిక్సరు తిరుగుతున్న చప్పుడు. ఎవరో ఎవరినో పిలుస్తున్నారు. ఆ మనిషి ఫోనును చెవికి దూరంగా పెట్టి ఎటో చూసినట్టున్నాడు. తిరిగి వచ్చి, ధైర్యం చెబుతున్నట్టు అన్నాడు.

"మాఫీ ముష్కిల్, మేడం. అభీ దేఖా. తీస్ పాయింట్ ఆఠ్."

ఇబ్బందేమీ లేదు, ఇప్పుడే చూశాను, ముప్పై పైన ఎనిమిదే అని చెప్పి ఫోను పెట్టేశాడు. సేఫ్టీ ఆఫీసరు అప్పటికే కారు తాళాలు తీసుకుని గేటు వైపు పరిగెడుతున్నాడు. నేను మళ్ళీ అదే నంబరు నొక్కాను.